కుడివైపు నుంచి

రేట్ల బోర్డుని నేను కుడివైపు నుంచి చదువుతాను,
పిల్లలు ఎడమవైపు నుంచి.
మధ్యలో ఎక్కడో, ఆ చుక్కల వరస దగ్గర
ఎదురుపడతాం.

మార్కాపురంలో పలకలకి చట్రాలు బిగించే చేతులు నావి.
బెజవాడ చూపిస్తానని రెండు వేసవులు వాయిదా వేసి
మూడోదానికి మాట దక్కించుకున్నాను.
మౌళికి పదహారు, హిమజకి పద్నాలుగు,
పక్కింటి జోయెల్‌కి పదిహేను,
వాడి ఆకలికి మాత్రం ముప్పై.

కొండ మీద అమ్మవారు పులిహోర పెట్టింది.
అది మెట్లు దిగేలోపు మెట్లలోనే అరిగిపోయింది.
బ్యారేజీ గేట్లు లెక్కపెడుతూ నడిచిన మౌళి
ముప్పై రెండో గేటు దగ్గర ఆగి
"అమ్మా, టిఫిన్" అన్నాడు.
కింద కృష్ణ బాగానే ఉంది. ఎవరూ చూడలేదు.
ఉండవల్లి గుహలో పొడుగ్గా పడుకున్న స్వామిని చూసి
"ఫుల్లుగా తిన్నట్టున్నాడాంటీ" అన్నాడు జోయెల్.
నవ్వాను. నవ్వుతూనే సంచి జిప్పు తడుముకున్నాను.

తిరుగు బస్సులో నాకూ హిమజకూ టికెట్టు లేదు,
మగపిల్లలిద్దరికే.
ఆ మిగిలింది మనసులో పలక మీద
ఓ మూలగా రాసిపెట్టుకున్నాను:
సాయంత్రం పునుగులు.

బీసెంటు రోడ్డులో అద్దాల తలుపు
మేం తోయకుండానే తెరుచుకుంది.
ముందు చల్లగాలి, తర్వాత తోలు అట్ట మెనూ.
"వాటర్ మినరలా, నార్మలా?"
ఆ ప్రశ్నకే నా గొంతెండింది.
కుడివైపున ఒక్క అంకె కూడా
నా ముఖం చూడలేదు.
మోగని ఫోను చెవికి పెట్టుకుని
"ఆఁ, వచ్చేస్తున్నాం" అంటూ లేచాను.
వెనక మూడు కుర్చీలు
ఒకదాని తర్వాత ఒకటి కిర్రుమన్నాయి.

బయట మౌళి పదడుగులు ముందు నడిచాడు,
నన్నెరగనట్టు.
ఆ వయసులో బెజవాడ ఎండ కూడా
సిగ్గు కాల్చినంత కాల్చదు.

ఆటో స్టాండులో ఒకాయన
అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.
ఊళ్ళో దారి ఎవరినైనా అడగొచ్చు,
అన్నం మాత్రం తిన్నవాణ్ణే అడగాలి.
"అన్నా, నువ్వెక్కడ తిన్నావు?"
ఎక్కమనలేదు. ఆ పుల్లతోనే చూపించాడు:
మందుల షాపు పక్క సందు, నీలం గేటు, మేడ మెట్లు.

పైన బోర్డు లేదు. గరిటె చప్పుడుంది.
సామ్రాజ్యం గారి మెస్సు, మనిషికి ఎనభై.
దోసకాయ పప్పు, గోంగూర, వేళ్ళు కాలే చారు.
మౌళి మూడోసారి తలెత్తకుండా కంచం జరిపాడు.
"మారు అన్నానికి ఎంతండీ?" గొణిగాను అలవాటుగా.
ఆవిడ వినలేదో, వినదలుచుకోలేదో,
"మీసాలొచ్చే పిల్లాడమ్మా,
అన్నం దగ్గర లెక్కలెయ్యకు" అని
గిన్నె మొత్తం వంచేసింది.

మెట్లు దిగుతుంటే మౌళి నా సంచి అందుకున్నాడు.
సారీ లాంటిదేమీ అనలేదు.
సంచి మాత్రం మళ్ళీ ఇవ్వలేదు.

స్టేషనుకి వెళ్ళే దారిలో
బండి మీద నూనె మూకుడు,
పునుగులు వాటంతటవే బోర్లా తిరుగుతున్నాయి.
మగపిల్లలు అప్పుడే వరసలో ఉన్నారు.
హిమజ రేకు మీద సుద్దతో రాసిన ధరలు చూసింది.
అది చూడటం నేను చూశాను.
దాని కళ్ళు ముందు కుడికి వెళ్ళాయి.
"నాకొద్దమ్మా. ఆకలి లేదు."

అది నా వాక్యం.
పెళ్ళిళ్ళలో తప్ప ప్రతి హోటల్లో నేను వాడింది,
అక్షరం పొల్లుపోకుండా, అదే గొంతులో.
ఎవరు దిద్దించారే నీకు?
ఏ పలక మీద?

"నాలుగు ప్లేట్లు" అన్నాను బండతనితో,
కొంచెం గట్టిగానే. "అల్లం చట్నీ ఎక్కువెయ్యి."
కాగితం ప్లేటు దాని చేతిలో పెట్టి
"ఆ రేకు ఇంకోసారి చదువు. ఎడమ నుంచి" అన్నాను.
నోట్లో వేడి పునుగుతో ఉఫ్ ఉఫ్‌మంటూ
కళ్ళనిండా నీళ్ళతో
"కారం" అంది.

జోయెల్ అప్పటికే తనది ముగించి
నా ప్లేటు వైపు చూస్తున్నాడు.